సబ్‌సెంటర్‌కు గోడలు కట్టారు, నడపడానికి డబ్బు ఇవ్వండి: ఏజెన్సీ ప్రాథమిక వైద్యంపై బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల వైద్య ఆరోగ్య, ఆర్థిక, గిరిజన సంక్షేమ శాఖల ఉన్నతాధికారులకు,
ఏజెన్సీ నియోజకవర్గాల శాసనసభ్యులకు,

ఆర్యా,

నమస్కారం. పాడేరు, పార్వతీపురం, సీతంపేట, రంపచోడవరం, చింతూరు, భద్రాచలం, ఏటూరునాగారం, ఉట్నూరు ఐటీడీఏల (సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థల) పరిధిలో కొండల మీద, అడవి అంచున ఉన్న ఆరోగ్య సబ్‌సెంటర్ల నిర్వహణ నిధుల గురించి ఈ లేఖ. ఆంధ్రలో విలేజ్ హెల్త్ క్లినిక్ అంటున్నాం, తెలంగాణలో పల్లె దవాఖానా అంటున్నాం, కేంద్రం రికార్డుల్లో ఆయుష్మాన్ ఆరోగ్య మందిర్ అని రాస్తున్నారు. పేరు ఏదైనా, జ్వరంతో కాలిపోతున్న పిల్లను తల్లి ముందుగా ఎత్తుకొచ్చే గుమ్మం అదే.

ఇదే విషయంపై ఇంతకుముందు అర్జీలు ఇచ్చాం. రసీదు నంబర్లు వచ్చాయి. ‘తగు చర్య నిమిత్తం పంపడమైనది’ అని జవాబు కూడా వచ్చింది. ఆ తర్వాత అర్జీ పరిష్కారమైనట్టు నమోదైంది, కేంద్రాల్లో మాత్రం ఏమీ మారలేదు. అందుకే ఇప్పుడు అందరి ముందూ పెడుతున్నాం.

జరిగిన మేలును మేము కాదనడం లేదు. 2018లో హెల్త్ అండ్ వెల్‌నెస్ సెంటర్ల (ఇప్పటి ఆయుష్మాన్ ఆరోగ్య మందిర్‌ల) పథకం మొదలయ్యాక సబ్‌సెంటర్‌కు ఒక సీహెచ్‌వో (కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్) వచ్చారు. 105 రకాల మందులు, 14 రకాల పరీక్షలు అక్కడే ఉండాలని కేంద్రం జాబితా ఇచ్చింది. టీకాలకూ కాన్పులకూ పరిమితమైన సబ్‌సెంటర్ బీపీ, షుగర్ కూడా చూడటం మొదలుపెట్టింది. ఇది నిజమైన ముందడుగు, ఇందులో మీ శాఖల కష్టం ఉంది.

మేము చెప్పదలచుకున్నది ఒక్కటే. కట్టడానికి, కొనడానికి ఒకసారి ఇచ్చే డబ్బు ఎలాగో వస్తోంది. ఏడాది పొడవునా తలుపు తెరిచి ఉంచడానికి నెలనెలా కావలసిన చిన్న డబ్బు సరిపడా రావడం లేదు, వచ్చింది కూడా వేళకు రావడం లేదు. ఆ చిన్న డబ్బు లేకపోవడం వల్లే పెద్ద డబ్బుతో కట్టినవి, కొన్నవి పనికిరాకుండా పోతున్నాయి.

నడపడానికి ఎంత కావాలి

హెల్త్ అండ్ వెల్‌నెస్ సెంటర్‌గా మారిన సబ్‌సెంటర్‌కు జాతీయ ఆరోగ్య మిషన్ కింద ఏడాదికి ఇచ్చే అన్‌టైడ్ ఫండ్ (స్థానిక అవసరాన్ని బట్టి ఖర్చు పెట్టుకునే నిధి) 50,000 రూపాయలు. జీతాలు, మందులు వేరే పద్దుల్లో వస్తాయి కాబట్టి మిగతా ఖర్చంతా దీంట్లోనే వెళ్లాలి. ఏజెన్సీలో 3,000 జనాభా ఉన్న ఒక కేంద్రానికి ఆ మిగతా ఖర్చు ఎంతవుతుందో మేము వేసిన అంచనా ఇది:

- ఊడ్చి, తుడిచి, నీళ్లు మోసే మనిషికి నెలకు 3,000 చొప్పున 36,000
- కరెంటు బిల్లు నెలకు 1,000 చొప్పున 12,000
- ఫోను, ఇంటర్నెట్ నెలకు 400 చొప్పున 4,800
- నీళ్లు, బ్లీచింగ్, ఫినాయిల్, సబ్బు, ఆసుపత్రి వ్యర్థాల సంచులు, గొయ్యి నిర్వహణ నెలకు 1,500 చొప్పున 18,000
- పీహెచ్‌సీ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం) నుంచి మందులు తెచ్చే ఆటో లేదా జీపు నెలకు రెండుసార్లు, సారికి 800 చొప్పున 19,200
- సీహెచ్‌వో, ఏఎన్‌ఎం గూడేలు తిరగడానికి ఒక్కొక్కరికి నెలకు 1,100 రూపాయల పెట్రోలు, ఇద్దరికీ 26,400
- 108 రాలేని చోటు నుంచి రోగిని దించడానికి నెలకు ఒక బాడుగ, 1,500 చొప్పున 18,000
- అయిపోయిన పరీక్ష స్ట్రిప్పులు, అత్యవసర మందులు స్థానికంగా కొనడానికి నెలకు 1,000 చొప్పున 12,000
- బ్యాటరీ, ఇన్వర్టర్, బీపీ మిషన్ మరమ్మతుకు ఏడాదికి 10,000
- కారే కప్పు, విరిగిన తలుపు, మరుగుదొడ్డి బాగుచేతకు 15,000
- రిజిస్టర్లు, ఫారాలు, జిరాక్సులకు నెలకు 500 చొప్పున 6,000

మొత్తం 1,77,400 రూపాయలు. మనిషికి ఏడాదికి 60 రూపాయలు కూడా కాదు. ఇప్పుడు ఇస్తున్న 50,000లో ఊడ్చే మనిషికీ కరెంటుకూ కలిపి 48,000 పోతుంది. 2,000 రూపాయలతో మిగతా ఏడాదంతా గడపాలి. అలా గడవదు కాబట్టి మొదట ఊడ్చే మనిషిని మానేస్తారు, తర్వాత మందుల బాడుగ ఆగుతుంది, ఆ తర్వాత సిబ్బంది సొంత జేబు నుంచి పెట్టుకుంటారు. స్థిర వేతనంతో, ప్రోత్సాహకం ఎప్పుడు వస్తుందో తెలియకుండా పనిచేసే కాంట్రాక్టు ఉద్యోగి జేబు అది. వాళ్లు ఎన్నాళ్లు పెట్టగలరు?

ఇంకో మాట. ఈ ఖర్చుల్లో చాలావాటికి జనాభాతో సంబంధం లేదు. 1,800 మందికి సేవ చేసే కేంద్రానికీ కరెంటు, కప్పు, బ్యాటరీ అవే. పైగా ఆ 1,800 మంది విడివిడి గూడేల్లో ఉంటారు కాబట్టి పెట్రోలు ఇంకా ఎక్కువ. తలల లెక్కన నిధులు పంచితే ఎక్కువ దూరం నడిచేవాళ్లకే తక్కువ అందుతుంది.

డబ్బు లేకపోతే ఏం జరుగుతుంది

1. మందుల నిల్వ పడిపోతుంది, ఒకసారి పడిపోయింది మళ్లీ లేవదు.

ఇది చాలామంది గమనించని విషయం కాబట్టి కొంచెం వివరంగా చెబుతాం. ఒక సబ్‌సెంటర్ పరిధిలో బీపీ ఉన్నవాళ్లు 120 మంది అనుకుందాం. ఎమ్లోడిపిన్ 5 మిల్లీగ్రాముల మాత్ర రోజుకు ఒకటి చొప్పున నెలకు 3,600 మాత్రలు, మూడు నెలలకు 10,800 కావాలి. ఒక త్రైమాసికంలో 3,600 మాత్రలే వచ్చాయి, మొదటి నెలలోనే అయిపోయాయి. మిగతా రెండు నెలలు బీరువాలో ఆ మందు లేదు. తర్వాతి ఇండెంట్ (కావలసిన మందుల జాబితా) తయారుచేసేటప్పుడు ‘గత మూడు నెలల వాడకం’ చూస్తారు. రిజిస్టర్‌లో వాడకం 3,600. అంటే సగటున నెలకు 1,200. ఆ లెక్కన వచ్చే త్రైమాసికానికీ 3,600 మాత్రలే కేటాయిస్తారు. మందు లేక ఇవ్వకపోవడం, అవసరం లేక ఇవ్వకపోవడం కంప్యూటర్‌లో ఒకేలా కనిపిస్తాయి. ఇలా ఒకసారి కొరత వచ్చిన కేంద్రానికి ఆ కొరతే వాటాగా స్థిరపడుతుంది.

రెండు నెలలు మాత్ర లేనివాళ్లు ఏం చేస్తారు? కొందరు సంత రోజున మండల కేంద్రంలో మందుల షాపులో కొంటారు. చాలామంది మానేస్తారు, ఎందుకంటే బీపీకి నొప్పి ఉండదు. పక్షవాతం వచ్చాక ఆరోగ్యశ్రీ (ఆంధ్రలో ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ) కార్డు పనికొస్తుంది. ఆంధ్రలో 25 లక్షల వరకు, తెలంగాణలో 10 లక్షల వరకు వైద్యం ఇస్తామని ఆ పథకం చెబుతోంది. మంచిదే. కానీ అది ఆసుపత్రిలో చేరినవాళ్లకు. చేరకుండా ఆపే మాత్ర ప్రభుత్వ టోకు ధరలో రూపాయి కూడా చేయదు, ఏడాదికి 365 మాత్రలు. కాలూ చెయ్యీ పడిపోయిన మనిషి పోడు చేయలేడు, కాఫీ కోయలేడు. ఆ ఇంట్లో ఇంకొకరు పని మానుకుని కనిపెట్టుకుని ఉండాలి. ఏ పథకం లెక్కలోనూ ఆ నష్టం రాదు.

2. మందు పీహెచ్‌సీ దాకా వచ్చి ఆగిపోతుంది.

జిల్లా మందుల గోదాము నుంచి పీహెచ్‌సీకి వ్యాన్ వస్తుంది. అక్కడి నుంచి సబ్‌సెంటర్‌కు తెచ్చే బాధ్యత ఎవరిదో, ఖర్చు ఎవరిదో స్పష్టంగా లేదు. 500 మిల్లీలీటర్ల సెలైన్ బాటిళ్లు 24 ఉన్న పెట్టె 12 కిలోల పైనే బరువు. ఘాట్‌లో బైకు మీద ఏఎన్‌ఎం దాన్ని తేలేరు. కాబట్టి తేలికైన మాత్రల అట్టలే సంచిలో పైకి వెళ్తాయి. సెలైన్లు, పిల్లల సిరప్‌లు, ఓఆర్‌ఎస్ పెట్టెలు పీహెచ్‌సీ వరండాలో గడువు తీరేదాకా ఉంటాయి. రికార్డులో నిల్వ ఉన్నట్టే కనిపిస్తుంది. వానాకాలంలో వాంతులు, విరేచనాలు మొదలైన గూడెంలో మాత్రం ఉండదు. విరేచనాలైన పిల్లకు ఓఆర్‌ఎస్‌తో పాటు 14 రోజులు జింక్ మాత్రలు ఇవ్వాలి. నాలుగు రోజులిచ్చి అయిపోయాయంటే పిల్ల మళ్లీ మంచాన పడుతుంది. ఆ కుటుంబం ఈసారి సబ్‌సెంటర్‌కు రాదు, ఆర్‌ఎంపీ దగ్గర సెలైన్ ఎక్కించుకుంటుంది. చేతిలో డబ్బు లేకపోతే పసుపు మీదో, జీడిపిక్కల మీదో షావుకారు దగ్గర ముందే బాకీ తీసుకుంటుంది. పంట వచ్చినప్పుడు ధర చెప్పేది అతనే.

3. పరీక్ష పరికరం ఉంటుంది, స్ట్రిప్పు ఉండదు.

గ్లూకోమీటర్ ఏ కంపెనీదైతే స్ట్రిప్పు కూడా ఆ కంపెనీదే కావాలి. టెండర్ మారినప్పుడు కొత్త కంపెనీ స్ట్రిప్పులు వస్తాయి, పాత మీటరు మూలనపడుతుంది. 50 స్ట్రిప్పుల డబ్బా మూత తీశాక సాధారణంగా మూడు నెలల్లో వాడేయాలి. కొండల్లో జులై, ఆగస్టు తేమకు మూత సరిగ్గా పెట్టకపోతే అంతకంటే ముందే తప్పుడు అంకెలు చూపిస్తుంది. చిన్న కేంద్రానికి 50 స్ట్రిప్పుల డబ్బా బదులు 25 స్ట్రిప్పుల డబ్బాలు ఇస్తే వృథా తగ్గుతుంది. కానీ ఆ చిన్న కొనుగోలు చేసే అధికారం సబ్‌సెంటర్‌కు లేదు, ఉన్నా డబ్బు లేదు. హిమోగ్లోబిన్ స్ట్రిప్పులదీ ఇదే కథ. స్ట్రిప్పు లేని నెలలో గర్భిణి కనురెప్ప కిందికి లాగి చూసి ‘రక్తం తక్కువ’ అని రాస్తారు. 7 గ్రాములకు తగ్గిన మనిషినీ 9 గ్రాములున్న మనిషినీ కళ్లు చూసి వేరు చేయడం కుదరదు. 7 గ్రాములకు తగ్గినామెను కాన్పుకు చాలా ముందే పెద్దాసుపత్రికి పంపాలి. ఆ నెల పోతే ఆమె నొప్పులతోనే డోలీ ఎక్కుతుంది.

సికిల్‌సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే వంశపారంపర్య జబ్బు) విషయం ఇక్కడే చెప్పాలి. 2023 జులై 1న మొదలైన జాతీయ మిషన్ కింద ఈ ప్రాంతాల్లో పెద్దఎత్తున పరీక్షలు జరిగాయి, కార్డులు ఇచ్చారు. వ్యాధి ఉన్నవాళ్లకు ఫోలిక్ యాసిడ్, అవసరమైనవాళ్లకు హైడ్రాక్సీయూరియా ఏళ్ల తరబడి కావాలి. హైడ్రాక్సీయూరియా వాడేవాళ్లకు క్రమం తప్పకుండా రక్తకణాల లెక్క చూడాలి, లేకపోతే మందే ప్రమాదం. ఆ పరీక్షకు రీఏజెంట్ (పరీక్షలో వాడే రసాయనం), రోగి రాకపోకలకు బాడుగ ఏ పద్దులో ఉన్నాయి?

4. సోలార్ ఒకసారి పెట్టి వదిలేశారు.

కరెంటు నిలవని ఊళ్లలో కేంద్రాలపై సోలార్ ప్యానెళ్లు పెట్టారు. ప్యానెల్ ఇరవై ఏళ్ల పైనే పనిచేస్తుంది. దాని కింద ఉండే 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ బాగా చూసుకుంటే నాలుగైదేళ్లు. చూసుకోవడమంటే ఏమీ లేదు, మూడు నెలలకోసారి బ్యాటరీలోని ఆరు గదుల్లోనూ డిస్టిల్డ్ వాటర్ మట్టం చూసి నింపడం, తీగల కొసలకు పట్టే తెల్లటి పొడిని తుడిచి వాజలీన్ రాయడం. ఆ పని ఎవరి ఉద్యోగంలోనూ లేదు, ఆ నీళ్ల డబ్బా ఏ పద్దులోనూ లేదు. మట్టం తగ్గి పలకలు గాలికి తేలాయంటే బ్యాటరీ గాలికి పోయినట్టే. కొత్తది వేలల్లో ఉంటుంది. ఆపై ప్యానెల్ ఎండకు మెరుస్తూ ఉంటుంది, లోపల రాత్రి కాన్పుకు ఆశా ఫోన్ టార్చ్ పట్టుకుంటుంది. ఛార్జింగ్ లేక ట్యాబ్ ఆగిపోతే టెలీ కన్సల్టేషన్ ఆగుతుంది. డాక్టరుతో మాట్లాడిస్తామని పిలిపించిన మనిషి మళ్లీ కొండెక్కి వెళ్లిపోతాడు.

15వ ఆర్థిక సంఘం 2021-22 నుంచి 2025-26 వరకు ఐదేళ్లకు స్థానిక సంస్థల ద్వారా ఆరోగ్య రంగానికి 70,051 కోట్ల రూపాయలు సిఫార్సు చేసింది. సొంత భవనాలు లేని సబ్‌సెంటర్లకు భవనాలు, సబ్‌సెంటర్లలో, పీహెచ్‌సీల్లో రోగ నిర్ధారణ పరీక్షల సౌకర్యాలు అందులో ఉన్నాయి. ఆ గడువు 2026 మార్చి 31. దాని కింద పెట్టిన యంత్రాలకు ఆ తేదీ తర్వాత రీఏజెంట్ ఎవరు కొంటారు, స్లాబు దశలో ఉన్న భవనాలను ఏ డబ్బుతో పూర్తి చేస్తారు, అంతవరకు అద్దె గదికి అద్దె ఎవరు కడతారు అన్నవి బడ్జెట్‌లో వేర్వేరు పద్దులుగా కనిపించాలి.

5. నిధులు తప్పు కాలంలో వస్తాయి.

ఏజెన్సీలో మలేరియా, డెంగీ, విరేచనాల కాలం జూన్ నుంచి అక్టోబరు. అన్‌టైడ్ ఫండ్ చాలా కేంద్రాలకు జనవరి, ఫిబ్రవరిలో వస్తుంది. మార్చి 31లోపు ఖర్చు చేసి యూసీ (నిధుల వినియోగ ధ్రువపత్రం) పంపాలి, లేకపోతే ఖర్చు పరిమితి రద్దవుతుంది. అప్పుడేం కొంటారు? మండల కేంద్రంలో బిల్లు వెంటనే ఇచ్చే దుకాణంలో దొరికేవి: కుర్చీలు, బీరువా, ఫ్లెక్సీలు. తనిఖీకి వచ్చినవాళ్లు ‘స్ట్రిప్పులు కొనకుండా కుర్చీలు కొన్నారేం’ అని సిబ్బందిని తిడతారు. మార్చిలో కొన్న పరీక్ష స్ట్రిప్పు గడిచిపోయిన జులై జ్వరానికి ఎలా పనికొస్తుందో వాళ్లు చెప్పరు.

చెల్లింపు పద్ధతిది ఇంకో చిక్కు. 2021 జులై నుంచి కేంద్ర పథకాల డబ్బు సింగిల్ నోడల్ ఏజెన్సీ (ఒక్కో పథకానికి రాష్ట్రంలో ఒకే సంస్థ) పద్ధతిలో నడుస్తోంది. సబ్‌సెంటర్ ఖాతాలో డబ్బు ఉండదు, ఖర్చు పరిమితి మాత్రమే ఉంటుంది. లెక్కల్లో పారదర్శకతకు ఇది మంచిదే, మేము దాన్ని తీసేయమనడం లేదు. కానీ చెల్లించాలంటే అమ్మినవాడికి బ్యాంకు ఖాతా ఉండాలి, అతన్ని పోర్టల్‌లో నమోదు చేయాలి, ఇద్దరు ఆమోదించాలి. అర్ధరాత్రి గర్భిణిని జీపులో దించినవాడికి ఆ నమోదు ఉండదు. అతను నగదు అడుగుతాడు, కేంద్రంలో నగదు ఉండదు. రెండోసారి పిలిస్తే రాడు.

నిధుల ఖర్చును తీర్మానించే జన్ ఆరోగ్య సమితికి సబ్‌సెంటర్ స్థాయిలో సర్పంచ్ అధ్యక్షులు, సీహెచ్‌వో సభ్య కార్యదర్శి. తెలంగాణలో 2024 ఫిబ్రవరి మొదలు 2025 డిసెంబరు ఎన్నికల దాకా సర్పంచులే లేరు, పంచాయతీలు ప్రత్యేక అధికారుల చేతిలో ఉన్నాయి. ఒక్కో అధికారికి ఎన్నో పంచాయతీలు. ఇలాంటి ఖాళీ ఏ రాష్ట్రంలోనైనా రావచ్చు. అప్పుడు సమితి తీర్మానం మీద ఎవరి సంతకం చెల్లుతుందో ముందే రాసిపెట్టి ఉండాలి.

6. జనాభా లెక్క కొండకు సరిపోదు.

మైదానంలో 5,000 మందికి, కొండ ప్రాంతాల్లో, గిరిజన ప్రాంతాల్లో 3,000 మందికి ఒక సబ్‌సెంటర్ అన్నది నియమం. ఇప్పటికీ 2011 జనగణన ఆధారంగానే లెక్క. ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చి గోదావరి లోయ అడవుల్లో ఉంటున్న గుత్తికోయల గూడేలు చాలావరకు ఆ లెక్కలో లేవు. మలేరియా వాళ్లను వదలదు, ఆశా కూడా వాళ్లను వదలరు, నిధుల లెక్కే వదిలేసింది. నడకన 30 నిమిషాల్లో అందాలన్న ‘సమయం’ ఆధారిత నియమాన్ని కొన్ని కొండ, ఎడారి జిల్లాలకు కేంద్రం ఇదివరకే ఒప్పుకుంది. తూర్పు కనుమలకు, నల్లమల చెంచు పెంటలకు (గూడేలకు) అది ఎందుకు వర్తించకూడదు?

సంచార వైద్య వాహనం వస్తుంది కదా అంటారు. అది రోడ్డు ఉన్నంతవరకే, అదీ నిర్ణీత రోజునే వస్తుంది. జ్వరం ఆ రోజు కోసం ఆగదు. ఫాల్సిపారం మలేరియాలో ఒకటి రెండు రోజుల ఆలస్యం ప్రాణం మీదకు తెస్తుంది.

పాముకాటు గురించి క్లుప్తంగా. యాంటీవీనమ్ పీహెచ్‌సీలో ఉండాలి, మొదటి మోతాదే సాధారణంగా 10 వయల్స్. అయిదు వయల్స్ ఉన్న పీహెచ్‌సీని ‘నిల్వ ఉంది’ అని రాయడం అక్కడికి నమ్మి వెళ్లేవాళ్లను మోసం చేయడమే.

మా డిమాండ్లు

1. ఏజెన్సీలోని ప్రతి సబ్‌సెంటర్‌కు నిర్వహణ నిధిని ఏడాదికి 1,80,000 రూపాయలకు పెంచాలి. ఇప్పుడు వస్తున్న 50,000 పోగా మిగిలిన 1,30,000ను ఆంధ్రప్రదేశ్‌లో 2013 ఉప ప్రణాళిక చట్టం కింద, తెలంగాణలో 2017 ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం కింద ఎస్టీల వాటా నుంచి ఇవ్వవచ్చు. ఈ మొత్తం సబ్‌సెంటర్‌కు ఇంత అని ఉండాలి, తలకు ఇంత అని కాదు. అటవీ మార్గంలో, కాలిబాటన మాత్రమే చేరగలిగే కేంద్రాలకు దీనిపై అదనంగా ఇవ్వాలి.

2. ఏప్రిల్ 30లోపు సగం, సెప్టెంబరు 30లోపు మిగతా సగం విడుదల చేయాలి. కేంద్రం వాటా 60, రాష్ట్రం వాటా 40 కాబట్టి కేంద్రం ఆలస్యం చేసిన ఏడాది మొదటి విడతను రాష్ట్రమే ముందుగా ఇచ్చి తర్వాత సర్దుబాటు చేసుకోవాలి. మార్చి 31న మిగిలిన పరిమితిని రద్దు చేయకుండా వచ్చే ఏడాదికి కలపాలి.

3. మందుల ఇండెంట్‌లో మందు లేని రోజుల్ని తీసేసి సగటు కట్టాలి. పై ఉదాహరణలో 3,600 మాత్రలు 30 రోజుల్లో అయిపోయాయి కాబట్టి నెల వాడకం 3,600 అని రావాలి, 1,200 కాదు. సాఫ్ట్‌వేర్‌లో నిల్వ సున్నా అయిన తేదీ ఇప్పటికే ఉంటుంది, మార్చాల్సింది లెక్కించే సూత్రం ఒక్కటే. దీనికి కొత్త బడ్జెట్ అక్కర్లేదు. బీపీ, షుగర్, మూర్ఛ, సికిల్‌సెల్ మందులకు మాత్రం వాడకం బట్టి కాక నమోదైన రోగుల సంఖ్య బట్టే కేటాయించాలి, మూడు నెలల అవసరంతో పాటు ఒక నెల అదనపు నిల్వ ఉంచాలి.

4. పీహెచ్‌సీ నుంచి సబ్‌సెంటర్‌కు మందులు చేర్చే బాధ్యత ఎవరిదో ఉత్తర్వులో పేర్కొనాలి. రెండు వారాలకోసారి, వానలకు దారులు తెగే కేంద్రాలకు జూన్ మొదటి వారంలోనే మూడు నెలల సరుకు చేర్చాలి.

5. ప్రతి కేంద్రంలో 5,000 రూపాయల శాశ్వత నగదు అడ్వాన్సు ఉంచాలి. అత్యవసర రవాణాకు, అయిపోయిన మందుకు దీన్ని సీహెచ్‌వో వాడి, ఓచరు పెట్టి, నెలాఖరున తిరిగి నింపించుకోవాలి. బ్యాంకు ఖాతా లేని డ్రైవరుకు వేలిముద్ర ఓచరు చెల్లేలా ఆడిట్ నిబంధన రాయాలి. ఇది లేకపోతే మొదటి ఆడిట్ అభ్యంతరంతోనే సిబ్బంది భయపడి ఖర్చు మానేస్తారు. సర్పంచ్ పదవి ఖాళీగా ఉన్నప్పుడు పీహెచ్‌సీ వైద్యాధికారి సంతకం సరిపోతుందని ఉత్తర్వు ఇవ్వాలి.

6. సోలార్, ఇన్వర్టర్, పరీక్ష యంత్రం ఏది కొన్నా టెండర్‌లోనే ఐదేళ్ల నిర్వహణ, ఒకసారి బ్యాటరీ మార్పు, యంత్రానికి సరిపోయే స్ట్రిప్పులు లేదా రీఏజెంట్ల సరఫరా కలిపి ఉండాలి. 15వ ఆర్థిక సంఘం నిధులతో మొదలుపెట్టి పూర్తికాని భవనాల జాబితాను, ఒక్కోదానికి ఇంకా ఎంత కావాలో అంకెలతో ప్రకటించాలి.

7. కష్టతర ప్రాంతాల్లో పనిచేసే సీహెచ్‌వో, ఏఎన్‌ఎం, ల్యాబ్ టెక్నీషియన్లకు ప్రత్యేక భత్యం జీతంతో పాటే నెలనెలా ఇవ్వాలి. పనితీరు ప్రోత్సాహకాన్ని రోగుల సంఖ్యతో మాత్రమే ముడిపెట్టవద్దు. చిన్న గూడేలున్న కేంద్రానికి ఆ సంఖ్య ఎప్పటికీ రాదు, అక్కడ ఎవరూ నిలవకపోవడానికి అదొక కారణం.

8. నడకన 30 నిమిషాల్లో సబ్‌సెంటర్ అందని గూడేలన్నింటినీ ఐటీడీఏలవారీగా గుర్తించి పటం ప్రకటించాలి. రెవెన్యూ గ్రామాల జాబితాలో లేని గూడేలు, పెంటలు అందులో ఉండాలి. అక్కడికక్కడ కొత్త భవనాలు కట్టమని అడగడం లేదు. వారానికి రెండు రోజులు ఏఎన్‌ఎం కూర్చునే ఒక గది, మలేరియా కిట్లు, మందుల పెట్టె, ఆశాకు రాకపోకల ఖర్చు ఇస్తే మొదలుపెట్టవచ్చు.

9. ప్రతి సబ్‌సెంటర్ గోడ మీద తెలుగులో నాలుగు అంకెలు రాయించాలి: ఈ ఏడాది మంజూరైనది, విడుదలైన తేదీ, ఖర్చయినది, ఈ నెల ఏయే మందులు ఎన్ని రోజులు లేవు. కొండ భాషలే మాట్లాడే ఊళ్లలో ఆశా వాటిని గ్రామసభలో చదివి వినిపించాలి. పీసా (షెడ్యూల్డ్ ప్రాంతాలకు పంచాయతీల విస్తరణ) చట్టం కింద ఇక్కడ గ్రామసభకు ఉన్న స్థానం మీకు తెలియనిది కాదు.

దేశం మొత్తంలో ఆరోగ్య ఖర్చులో ప్రజల జేబు నుంచి పోయే వాటా 2013-14లో 64.2 శాతం, 2021-22కు 39.4 శాతానికి తగ్గిందని జాతీయ ఆరోగ్య లెక్కలు చెబుతున్నాయి. ఆ తగ్గుదల కొండ మీద కూడా కనిపించాలంటే డబ్బు కొండ మీదికి రావాలి. ఆరోగ్య బడ్జెట్‌లో మూడింట రెండు వంతులు లేదా అంతకంటే ఎక్కువ ప్రాథమిక వైద్యానికే ఇవ్వాలని 2017 జాతీయ ఆరోగ్య విధానం రాసింది. మీ రాష్ట్రాల్లో ఆ వాటా ఎంతో, అందులో ఏజెన్సీ సబ్‌సెంటర్లకు చేరింది ఎంతో వచ్చే బడ్జెట్ పత్రాల్లోనే విడిగా చూపించండి.

ఈ తొమ్మిదింటిలో మూడోది, నాలుగోది, ఐదోది, తొమ్మిదోది శాఖాపరమైన ఉత్తర్వులతోనే అమలు చేయవచ్చు, మంత్రివర్గం దాకా వెళ్లనక్కర్లేదు. వాటిని రాబోయే వానాకాలానికి ముందే మొదలుపెట్టాలని కోరుతున్నాం. మిగతావాటిలో ఏది ఒప్పుకుంటారో, ఏది కుదరదో, కుదరకపోతే కారణమేమిటో 45 రోజుల్లో అంశాలవారీగా రాతపూర్వకంగా తెలియజేయండి. మందుల ఇండెంట్ సూత్రం, సబ్‌సెంటర్ ఖర్చుల పట్టిక, నగదు ఓచరు నమూనా మా దగ్గర సిద్ధంగా ఉన్నాయి. మీ అధికారులు ఎప్పుడు పిలిచినా పట్టుకొచ్చి కూర్చుంటాం.

ఇట్లు,
ఏజెన్సీ ప్రాంతాల ప్రాథమిక వైద్యంలో పనిచేస్తున్న, పనిచేసి విరమించిన వైద్యులు, ఏఎన్‌ఎంలు, ఫార్మసిస్టులు, ల్యాబ్ టెక్నీషియన్లు, ఆశా కార్యకర్తలు